అగ్రిమెంటు ఆయన పేరు మీద ఉంది, ఆయన లేరు. నన్ను ఖాళీ చేయించొచ్చా?

లాయరు గారికి నమస్కారం. నా వయసు 71. హైదరాబాద్‌లో ఒక పాత ఇంట్లో వెనక పోర్షన్‌కి 1995లో నేనూ మావారూ అద్దెకి వచ్చాం. రెండు గదులు, వంటిల్లు. ముందు భాగంలో ఓనరు వాళ్లే ఉంటారు. ఇప్పుడు అద్దె 2,800. అగ్రిమెంటు మొదట్లో ఒక్కసారి రాసుకున్నాం, పదకొండు నెలలకి, మావారి పేరు మీద. ఆయన మూడేళ్ల కిందట పోయారు. పెద్ద ఓనరు గారు నిరుడు పోయారు. అప్పట్నుంచి వాళ్లబ్బాయి ఖాళీ చేయమంటున్నాడు. తన కొడుక్కి పెళ్లి, గది కావాలని నాతో అంటాడు, బిల్డరుకి ఇస్తున్నామని పక్కవాళ్లతో అంటాడు. ఏప్రిల్ నుంచి అద్దె తీసుకోవడం మానేశాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున కవరు పట్టుకుని వాళ్ల మెట్ల దగ్గర నిలబడుతున్నాను, "ఉంచుకోండి పిన్నిగారూ, దసరాకి వెళ్లిపోతే చాలు" అంటాడు. నాలుగు కవర్లు అలాగే ఉన్నాయి. ఈ నెలలో నీళ్ల మోటారు మా వైపు రాకుండా ఆపేశాడు. స్టాంపు పేపరు ఒకటి తెచ్చి సంతకం పెట్టమన్నాడు. కళ్లజోడు వెతుక్కుని చదివి పెడతానని చెప్పి పంపేశాను. మా అన్నయ్య గారబ్బాయేమో "పన్నెండేళ్లు దాటితే ఇల్లు నీదే అత్తా, కదలొద్దు" అంటున్నాడు. నాకు మావారి పీఎఫ్ పెన్షన్ వెయ్యి చిల్లర వస్తుంది, చీరలకి ఫాల్స్ కుడతాను. కంటి ఆపరేషన్‌కి వైజాగ్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లాలి. వెళ్తే తాళం పగలగొడతారేమో అని టెన్షన్. నాకు హక్కేమన్నా ఉందా?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

అమ్మా, ముందుగా ఒక్క మాట. కళ్లజోడు వెతుక్కుంటానని ఆ కాగితం పక్కన పెట్టారు చూడండి, ఈ నాలుగు నెలల్లో మీరు చేసిన మంచి పని అదే. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆయనకి తిరిగి ఇవ్వకండి కూడా, అది మీ దగ్గరే ఉండనివ్వండి.

మీరు భయపడుతున్న మొదటి విషయం అగ్రిమెంటు మీ పేరు మీద లేకపోవడం. దాని గురించి నిశ్చింతగా ఉండండి. తెలంగాణలో మీలాంటి వాళ్లకి వర్తించేది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టం. వాడుకలో రెంట్ కంట్రోల్ చట్టం అంటాం. అందులో కిరాయిదారు అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే, కిరాయిదారు చనిపోతే ఆయనతో ఆ ఇంట్లో కలిసి ఉన్న భార్య లేదా భర్త, కొడుకు, కూతురు కూడా కిరాయిదారులే అని రాసి ఉంది. మీవారు పోయిన రోజు వరకు మీరు ఆయనతో అక్కడే ఉన్నారు. కాబట్టి ఈ మూడేళ్లుగా మీరు ఆయన పేరు చెప్పుకుని ఉంటున్నవారు కాదు, మీరే కిరాయిదారు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో తీరిపోయిందన్నది కూడా అంతే. గడువు తీరిన తరువాత కూడా ఇంట్లో కొనసాగుతున్న వ్యక్తిని ఆ చట్టం కిరాయిదారుగానే చూస్తుంది.

ఈ చట్టం అందరికీ వర్తించదు కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇక్కడే చెప్పేస్తాను. కట్టి పదిహేనేళ్లు దాటని ఇళ్లకి వర్తించదు. 2005లో సవరణ వచ్చే నాటికి కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు మించి అద్దె ఉన్నవాటికి వర్తించదు. మీ ఇల్లు పాతది, మీ అద్దె ఇవాళ్టికీ 2,800. మీరు ఈ చట్టం నీడలోనే ఉన్నారు. దీని పరిధిలోకి రానివాళ్ల మీద ఓనరు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద పదిహేను రోజుల నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేయాలి. వాళ్ల రక్షణ తక్కువే, కానీ వాళ్లని కూడా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే చట్టం చేశారు, అక్కడివాళ్లు ఈ జవాబుని యథాతథంగా తీసుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ చట్టంలో మీకున్న బలం ఏమిటంటే, ఏయే కారణాలుంటే ఖాళీ చేయించొచ్చో అది లెక్కపెట్టి చెప్పింది. ఆ కారణాల్లో ఒకటి ఓనరు రుజువు చేస్తే తప్ప రెంట్ కంట్రోలర్, అంటే ఈ చట్టం కింద అద్దె కేసులు విచారించే అధికారి, ఖాళీ చేయమని ఉత్తర్వు ఇవ్వలేరు. "ఇల్లు నాది, నా ఇష్టం" అన్నది ఆ జాబితాలో లేదు. "అమ్ముకుంటాను" అన్నదీ లేదు. అమ్మినా కొన్నవాడు మీకు కొత్త ఓనరు అవుతాడు, అంతే. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, పెద్దవాళ్లు ఓడిపోయిన కేసుల్లో చాలావరకు ఓనరు వెతికి పట్టుకున్న కారణంతో ఓడిపోలేదు. తెలియక తామే చేజేతులా ఇచ్చిన కారణంతో ఓడిపోయారు. మీ ఉత్తరంలో అలాంటివి మూడు కనిపించాయి.

మొదటిది ఆ నాలుగు కవర్లు. రాత్రికి రాత్రే ఇల్లు పోదు కానీ, మీ ఉత్తరం మొత్తంలో నాకు బెంగ కలిగించింది ఇదే. అగ్రిమెంటులో అద్దెకి ఒక తేదీ ఉంటే అది దాటిన పదిహేను రోజుల్లోపు, లేకపోతే ఏ నెల అద్దె అయినా ఆ తరువాతి నెల ఆఖరి రోజు లోపు కట్టాలని చట్టం. అంటే ఏప్రిల్ అద్దెకి మే 31 గడువు. రేపు కోర్టులో ఆయన "ఏప్రిల్ నుంచి అద్దె ఇవ్వలేదు" అని ఒక్క వాక్యం రాస్తాడు. మీరు మెట్ల దగ్గర నిలబడిన సంగతికి సాక్ష్యం ఏదీ? "ఉంచుకోండి పిన్నిగారూ" అన్న మాట ఎంత మర్యాదగా ఉందో అంత ప్రమాదం. ఆయన తెలిసే అలా చేస్తున్నాడో లేదో నేను చెప్పలేను. ఎలా చేసినా ఫలితం ఒక్కటే.

ఓనరు అద్దె తీసుకోనంటే కిరాయిదారు ఏం చేయాలో అదే చట్టం ఎనిమిదో సెక్షన్‌లో మెట్టు మెట్టుగా ఉంది. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి: "మీరు అద్దె తీసుకోవడం లేదు, పది రోజుల్లో ఏ బ్యాంకులో వేయాలో చెప్పండి" అని. స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సదుపాయం అడిగి, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి (పాత రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు). ఆయన బ్యాంకు చెబితే అందులో వేయండి. చెప్పకపోతే మనియార్డరు చేయండి, దాని కమీషను అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. మనియార్డరు కూడా తిప్పి పంపితే అప్పుడు రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయడానికి పిటిషను వేయొచ్చు. ఈ వరస తప్పకండి. నోటీసు లేకుండా నేరుగా కోర్టులో కట్టేస్తానంటే కుదరదు. నోటీసులోనే ఏప్రిల్ నుంచి జూలై దాకా నాలుగు నెలల అద్దె, 11,200 రూపాయలు, ప్రతి నెలా తెచ్చినా మీరు తీసుకోలేదని తారీఖులతో సహా రాయండి. మీరు నిలబడినప్పుడు చూసిన పక్కింటివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేరు గుర్తుపెట్టుకోండి.

ఆలస్యం అయిపోయిందే అని బాధపడకండి. చట్టం శిక్షించేది కావాలని ఎగవేసినవాళ్లని. ఎగవేత కావాలని చేసింది కాదని కంట్రోలర్‌కి నమ్మకం కుదిరితే, పదిహేను రోజులకి మించకుండా గడువిచ్చి, ఆలోపు కట్టేస్తే కేసు కొట్టేయొచ్చు. ఇప్పుడు మీరు పంపే నోటీసు ఆ నమ్మకానికి మొదటి కాగితం. ఇంకొకటి, ఓనరు కేసు వేస్తే, అది నడుస్తున్నంత కాలం బాకీ అద్దె, నెలనెలా అద్దె ఆగకుండా కడుతూనే ఉండాలి. ఆగితే మీ వాదన వినడం ఆపేసి ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం కంట్రోలర్‌కి ఉంది. కాబట్టి కూరకి లేకపోయినా ఫరవాలేదు అన్నట్టుగా ఆ 2,800 పక్కన పెట్టండి.

చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన నాకిప్పటికీ గుర్తు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాల లెక్కల నోటుబుక్కు. వెనక పేజీల్లో పంతొమ్మిదేళ్ల అద్దె. ప్రతి నెలకీ ఒక గీత, గీత మీద తారీఖు, పక్కన ఓనరు పొట్టి సంతకం. కొన్నిచోట్ల నూనె మరక. ఓనరు తరఫు వాళ్లు పదహారు నెలల బాకీ అని వేశారు. ఆ పదహారు నెలలకీ సంతకాలు ఉన్నాయి. మీ ఇంట్లో కూడా అలాంటిదేదో ఉండే ఉంటుంది. పెద్ద ఓనరు గారు రాసిచ్చిన చీటీ, మీవారి డైరీ, ఏదైనా సరే. అద్దెకి రసీదు అడిగే హక్కు మీకుంది, ఇకపై తప్పకుండా అడగండి. పాత కరెంటు బిల్లులు, గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆ చిరునామాకి వచ్చిన పెన్షను కాగితాలు, మీవారి మరణ ధ్రువపత్రం అన్నీ ఒకచోట పెట్టండి.

రెండోది మీ మేనల్లుడి మాట. మీ మీద ప్రేమతోనే అన్నాడు, సందేహం లేదు. కానీ దయచేసి ఆ మాట ఇంకెక్కడా అనకండి, ముఖ్యంగా ఓనరు ఎదుట. పన్నెండేళ్ల సంగతి వేరొకరి స్థలాన్ని ఇది నాదేనని బాహాటంగా ఎదిరించి అనుభవించినవాళ్లకి సంబంధించింది. మీరు అద్దె కడుతూ ఉన్నారు, అంటే ఆయన ఓనరు అని నెలనెలా ఒప్పుకుంటూ ఉన్నారు. ముప్పై ఏళ్లు కాదు, అరవై ఏళ్లున్నా ఇల్లు మీది కాదు. అంతకన్నా ముఖ్యం, ఓనరు హక్కుని సరైన ఆధారం లేకుండా కాదనడం, నాకు శాశ్వత హక్కు ఉందనడం కూడా ఖాళీ చేయించడానికి చట్టంలో ఉన్న ఒక కారణం. ఆ మాట మీ ఇంటికి కాపలా కాదు, గొళ్లెం తీసి ఇవ్వడం.

మూడోది వైజాగ్ ప్రయాణం. వరసగా నాలుగు నెలలు సరైన కారణం లేకుండా ఇంట్లో ఉండకపోతే అది కూడా ఒక కారణమే. కంటి ఆపరేషన్ సరైన కారణమే అవుతుంది, అయినా అంతకాలం ఉండకండి. ఫాల్స్ కుట్టుకోవడం గురించి మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. ఇంట్లో కూర్చుని కుట్టుకుంటే ఏమీ కాదు. బయట బోర్డు పెట్టడం, పని కోసం ఇంకెవరినైనా గదిలో ఉంచి వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం మాత్రం వద్దు. నివాసం కోసం తీసుకున్న ఇంటిని వేరే పనికి వాడారు, రాతపూర్వక అనుమతి లేకుండా మళ్లీ అద్దెకిచ్చారు అనే మాట వస్తుంది.

ఇక ఆయన చెప్పే పెళ్లి సంగతి. ఇక్కడే మీ వయసుకి చట్టంలో విలువ ఉంది. సొంత నివాసానికి ఇల్లు కావాలి అనే కారణం, ఆ ఊళ్లో తనకి ఉండటానికి వేరే సొంత ఇల్లు లేనివాళ్లకి. ఆయన ముందు భాగంలో ఉంటున్నాడు కాబట్టి ఆ దారి ఆయనకి లేదు. ఒకే ఇంట్లో ఒక భాగంలో ఉంటూ, మిగతా భాగం కూడా అదనంగా కావాలని అడిగే దారి ఒకటుంది, ఆయన లాయరు అదే పట్టుకుంటారు. ఆ దారిలో వచ్చినప్పుడు కంట్రోలర్ రెండు వైపులా తూచి చూడాలి. ఖాళీ చేయిస్తే మీకు కలిగే కష్టం, ఆయనకి కలిగే సౌకర్యం కన్నా ఎక్కువైతే ఆ పిటిషను కొట్టేయాలని చట్టమే చెప్పింది. కొట్టేయొచ్చు అని కాదు, కొట్టేయాలి అని.

కష్టం అంటే కన్నీళ్లు పెట్టుకుని చెప్పడం కాదమ్మా, కాగితాలతో చూపించడం. మీ పెన్షను ఎంతో చూపే బ్యాంకు పాసుబుక్కు, మీ కంటి రిపోర్టులు, బీపీ, షుగరు ఉంటే ఆ చీటీలు, మీరు వెళ్లే ఆస్పత్రి అక్కడికి ఎంత దూరమో, ఆ చుట్టుపక్కల రెండు గదుల పోర్షన్ ఇవాళ ఎంతకి దొరుకుతుందో. ఈ ఆఖరిది ఎవరూ పట్టించుకోరు, కానీ చాలా పనికొస్తుంది. మీ అమ్మాయినో మేనల్లుడినో పంపించి నాలుగైదు టు-లెట్ బోర్డులు ఫోటో తీయించండి, అద్దె ఎంతన్నారో, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఇస్తామన్నారో ఇవ్వమన్నారో తారీఖుతో రాయించండి. ఆయన పక్కవాళ్లతో బిల్డరు గురించి అన్నాడు కదా, అది విన్నవాళ్లు సాక్ష్యం చెబితే పెళ్లికి గది కావాలన్న మాట నిజమా అనే ప్రశ్న కూడా వస్తుంది.

ఒకవేళ సొంత అవసరమని చెప్పి ఉత్తర్వు తెచ్చుకుని ఖాళీ చేయించాక, నెలలోపు తాను చేరకపోయినా, చేరి సరైన కారణం లేకుండా ఆరు నెలల్లోపు వదిలేసినా, ఇల్లు తిరిగి నాకు ఇప్పించండని మీరు అడగొచ్చు. బిల్డరుకి ఇవ్వడానికి పెళ్లి పేరు చెప్పేవాళ్లకి ఇది తెలిస్తే మంచిది. పడగొట్టి కొత్తది కట్టడానికి అని నేరుగా అడిగే దారి కూడా చట్టంలో ఉంది, అందులో మీ పట్టు తక్కువ అని దాచకుండా చెప్పాలి.

నీళ్ల సంగతి వెంటనే చూడాలి. అద్దెతో పాటు మీరు అనుభవిస్తున్న నీళ్లు, కరెంటు, దారి లాంటి వసతులని సరైన కారణం లేకుండా ఓనరు ఆపకూడదు. ఆపితే రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషను వేయొచ్చు, తిరిగి ఇవ్వమని ఉత్తర్వు వస్తుంది. మోటారు కట్టేసిన స్విచ్చు, మీ వైపు ఖాళీ డ్రమ్ము ఫోటో తీయించి పెట్టండి. తాళం పగలగొడతారన్న భయానికి: దసరా వచ్చినా, దీపావళి వచ్చినా, కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బయట పెట్టే అధికారం ఓనరుకి లేదు, పోలీసులకీ లేదు. ఎవరైనా పోలీసు మాట చెప్పి బెదిరిస్తే ఉత్తర్వు కాపీ అడగండి. అటువంటి ప్రయత్నం జరిగితే 112కి ఫోన్ చేయండి. దౌర్జన్యంగా బయటపెట్టినా ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న చర్చ లేకుండానే మిమ్మల్ని తిరిగి లోపల పెట్టమని అడిగే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ ఇచ్చింది. అలా జరగకముందే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా చేయకుండా ఆపే ఉత్తర్వు, తెచ్చుకోవచ్చు కూడా. ఊరెళ్లే ముందు ఇది లాయరుతో మాట్లాడండి.

చాలామంది నన్ను సీనియర్ సిటిజన్స్ చట్టం కింద ఓనరు మీద కంప్లైంట్ ఇవ్వొచ్చా అని అడుగుతారు. 2007 నాటి ఆ చట్టం పిల్లలు, వారసులు పెద్దవాళ్లని చూసుకోకపోతే అడగడానికి. ఓనరుకీ కిరాయిదారుకీ మధ్య గొడవలో అది మీకు ఇల్లు నిలపదు, ఆ ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోవద్దు. మనసు బరువుగా ఉన్నప్పుడు, ఎవరితోనైనా మాట్లాడాలన్నప్పుడు పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది, దారి చూపిస్తారు.

లాయరు ఫీజు గురించి మీరు రాయలేదు కానీ ఆ వెయ్యి చిల్లర చదివాక నాకు అదే ఆలోచన. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకి ఆదాయం ఎంతైనా ఉచితంగా లాయరుని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. ఫోనులో అడగాలంటే 15100. ఉచితం కదా అని చిన్నచూపు చూడకండి, మంచి లాయర్లు అక్కడ పనిచేస్తున్నారు.

ఓనరు ముందుగా నోటీసు ఇవ్వలేదు కాబట్టి కేసు చెల్లదు అని ఎవరైనా చెబితే నమ్మకండి. రెంట్ కంట్రోల్ కేసులకి ఆ నోటీసు అక్కర్లేదని 1979లోనే సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. కోర్టు నుంచి సమన్లు వస్తే తలుపు వేసుకోకండి, తీసుకోండి. మీరు హాజరు కాకపోతే మీ మాట వినకుండానే ఉత్తర్వు వస్తుంది. వ్యతిరేకంగా వచ్చినా ముప్పై రోజుల్లోపు అప్పీలుంది, ఆ పైన హైకోర్టులో రివిజను, అంటే ఆ ఉత్తర్వుని మళ్లీ పరిశీలించమని అడిగే దారి, ఉంది.

ఇంత చెప్పాక ఇంకొకటి కూడా మీ ముందు పెట్టాలి. కేసు గెలిచినా, మోటారు ఆపేసే మనిషి గోడకి అవతలే ఉంటాడు. మీ వయసులో వాయిదాలకి తిరగడం చిన్న విషయం కాదు. గౌరవంగా రాజీ కుదిరితే తప్పని నేననను. కానీ అది ఆయన తెచ్చిన స్టాంపు పేపరు మీద, ఆయన వరండాలో కాదు. లోక్ అదాలత్‌లో కూర్చోమనండి. అది రెండు వైపులా కూర్చోబెట్టి రాజీ కుదిర్చే న్యాయ వేదిక, కేసు వేయకముందే కూడా అక్కడికి వెళ్లొచ్చు. ఎన్ని నెలల టైము, మీవారు ఇచ్చిన అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారు, కొత్త పోర్షన్ అడ్వాన్సుకి, సామాను మార్చడానికి ఎంతిస్తారు, అప్పటిదాకా నీళ్లు ఆపనని హామీ, అన్నీ రాతలో ఉండాలి. డబ్బు చేతికొచ్చిన రోజే తాళంచెవి ఇవ్వండి. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, అందుకే మీ లాయరు పక్కన కూర్చుని చదివి వినిపించాకే సంతకం పెట్టండి. ఉండాలా, ఈ బలంతో మంచి షరతుల మీద వెళ్లాలా అన్నది మీరే తేల్చుకోండి. భయపడి మాత్రం వెళ్లొద్దు.

సోమవారం కోర్టు ఆవరణకి వెళ్లేటప్పుడు ఆ స్టాంపు పేపరు, పాత అగ్రిమెంటు, పాసుబుక్కు, ఆ నాలుగు కవర్లు సంచిలో వేసుకోండి. నోటీసు అక్కడే రాయించి ఆ రోజే పోస్టు చేయించండి. కంటి ఆపరేషన్ వాయిదా వేయొద్దమ్మా. నోటీసు వెళ్లాక, పక్కింటావిడకి ఒక తాళంచెవి, మీ లాయరు నంబరు ఇచ్చి వెళ్లండి. రైలు టికెట్టు, డిశ్చార్జి కాగితం పారేయకుండా తెచ్చుకోండి.